అయ్యవారి రెండోసారి ప్రశ్న

జమ్మలమడుగు బడి అయ్యవారు పోయారని మొన్న పత్తి మండీలో చెప్పారు. కాటా మీద పత్తి నింపిన బోరెం ఉంది. తూకం ముగించి బస్సెక్కాను. నేను పోయేసరికి అంతా అయిపోయింది. మీలో చాలామందికి ఆయన తెలియదు. నాకొచ్చిన నాలుగక్షరాల్లో రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు, ఒక కరువేడు, ఆయన ప్రొద్దుటూరులో మా వీధికి ఒక కాగితం పట్టుకొచ్చారు. ఇరవై ప్రశ్నలు, ఆయనే కూర్చినవి. జవాబులను బట్టి ఎక్కడ ఆకలి ఎంతుందో తేల్చి, గంజి ముందు ఎవరికి పోయాలో పైవాళ్లకు రాయాలని ఆయన పట్టుదల.

"ఇంట్లో అందరూ కడుపునిండా తింటాండారా?" అని అడిగారు.

"తింటాండాం," అన్నాను. మండీలో తూకం వేసే మగవాణ్ణి, ఇంకేమంటాను?

పదిహేను రోజులకు మళ్లీ వచ్చారు. అదే కాగితం, అవే ప్రశ్నలు. నాకు మండింది.

"మొన్న జెప్తి గదా అయ్యవారూ! నేనేమన్నా అబద్ధాలోణ్ణా?"

"నిన్ను గాదప్పా, నా కాగితాన్ని పరీక్ష జేస్తాండా. కొత్త కాటా వస్తే నువ్వేం జేస్తావు?"

"ఒకటే గుండు మూడు తూర్లు పెట్టి చూస్తా. ముల్లు ఆడ్నే నిలబడితే మంచి కాటా."

"నేను జేసేదీ అదే."

మళ్లీ "తింటాండాం" అన్నాను. జవాబు కలిసిందని సంబరపడి, అక్కడా అడగాలని ఆయన పులివెందుల బస్సుకు పోయారు. లోపల నా పెళ్లాం కుండ కడుగుతోంది.

"రెండు తూర్లూ బాగా తినిపిస్తివి మామా నాకు," అంది. ఆ కడిగిన నీళ్లే ఆమె తాగేది.

పళ్లెం అడుగున చింతపండు అంటించిన కాటా కూడా ఎన్నిసార్లు తూచినా ఒకే దొంగ తూకం చూపిస్తుంది. అది నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆ ఆదివారం జమ్మలమడుగుకు నడిచిపోయి చెప్పాను. "అయ్యవారూ, రెండు తూర్లూ ఒకటే అబద్ధం జెప్పినా."

ఆయన తిట్టలేదు. "అడిగేవానికి సిగ్గుండాల. చెప్పేవాన్ని సిగ్గుపడనీకూడదు. తప్పు నా ప్రశ్నది," అని ఆ ప్రశ్న కొట్టేసి ఇంకోటి రాశారు. నిన్న ఇంట్లో ఆఖరున తిన్నదెవరు, వాళ్లకేం మిగిలింది?

తిరిగిన ఊళ్లన్నీ మళ్లీ తిరిగారు, ఒక్కో ఇంటికి రెండేసిసార్లు. గంజి మా వీధికి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం నాది. నా పెళ్లాం ముంత పట్టుకుని ముందు నిలబడింది. నేను వెనక, మీసం దించుకుని. నా అబద్ధం మాట ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు.

పోయిన నెల చూడబోయాను. మంచంలో ఎముకలే మిగిలాయి.

"తింటిరా అయ్యవారూ?"

"తింటినప్పా."

కాసేపు మండీ సంగతులు చెప్పి మళ్లీ అడిగాను.

"తింటినప్పా," అన్నారు, అదే గొంతుతో, అదే నవ్వుతో.

ఆయనకు కునుకు పట్టాక తలాపున ఉన్న గిన్నె మూత తీశాను. రాగిసంగటి ముద్ద, వేలి గుర్తయినా లేకుండా, ఎండిన రేగడిలా పగుళ్లిచ్చి ఉంది.