యూకేజీలో నేను కలిపిన రెండు రంగులు

రెండు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నీలిమందు. ఇంత సరుకుతో ఒక బడిని మూతపడే దాకా తెచ్చిన ఘనత నాది. నవ్వబాకండి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి సరిగ్గా మూడు వారాలు.

పదేళ్ళ కిందటి మాట. ఇరవై రెండేళ్ళదాన్ని. టీచర్ ట్రైనింగ్ అయిపోయి, నకరికల్లు పక్కన ఒక ఊళ్ళో ప్రైవేటు బడిలో యూకేజీ టీచరుగా చేరాను. రేకుల కప్పు కింద నాలుగు గదులు. గాలి ఇటు తిరిగిందంటే చాలు, కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకి క్లాసంతా ఒకేసారి తుమ్మేది. పిల్లలతో పాటు నేనూ తుమ్మేదాన్ని. ఆ ఘాటు ఇప్పుడెక్కడ తగిలినా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

చేరిన రోజే బడి యజమాని, మేమంతా మాస్టారు అనేవాళ్ళం, నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"అమ్మాయ్, పిల్లలకి ఏమన్నా నేర్పు. రాజకీయం మాత్రం లోపలికి రానీబాక."

"యూకేజీలో రాజకీయం ఏముంటదండీ?" అన్నాను. అన్నానండీ, ఈ నోటితోనే.

"ఏముంటదా? కోటయ్యగారు మాజీ ప్రెసిడెంటు, నాగమ్మగారు ఇప్పటి ప్రెసిడెంటు. ఒక తల్లి బిడ్డలు. పంచాయతీ ఎన్నికల్లో చెరో పార్టీ అయ్యారు, రెండేళ్ళుగా మాటల్లేవు. మన పిల్లల్లో సగం మంది ఆయన వైపు, సగం మంది ఈమె వైపు. ఎవరలిగినా మన బడికి తాళమే."

తలూపాను. తలూపడంలో నాకు మొదటి నుంచీ ఫస్ట్ క్లాసే.

ఇంతలో బడిలో సైన్స్ డే వచ్చింది. పెద్ద క్లాసులవాళ్ళు ఏవేవో తయారుచేస్తుంటే మా యూకేజీ చప్పట్లు కొట్టి ఊరుకోవాలా అని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోన్లో ఒక వీడియో చూశాను. పసుపు నీళ్ళూ నీలం నీళ్ళూ కలిపితే ఆకుపచ్చ! వంటింట్లో పసుపుంది, బట్టలకి పెట్టే నీలిమందుంది. ఇంకేం కావాలి?

ప్రయోగానికి ఇద్దర్ని ఏరాను. కోటయ్యగారి మనవడు బన్నీ, నాగమ్మగారి మనవరాలు చిట్టి. క్లాసులో గట్టి గొంతులు వాళ్ళవే మరి. చిట్టిది నీలం గౌను కాబట్టి పసుపు గ్లాసు ఇస్తే ఫోటోలో బాగుంటదని దానికి పసుపు, బన్నీకి నీలం ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈపాటికి మా పల్నాడు వాళ్ళు నెత్తి పట్టుకుని ఉంటారు. బయటివాళ్ళకి చెబుతా. కోటయ్యగారి పార్టీ జెండా పసుపు, నాగమ్మగారిది నీలం. నాకు తెలియకా? నాదీ మాచర్లే. మా దగ్గర మనిషి పార్టీ మారితే మర్నాటికి అరుగు రంగు మారుద్ది. అయినా పిల్లల చేతిలో గ్లాసుకి కూడా పార్టీ ఉంటదని నాకు తట్టలేదు చూడండి, అదీ నా ఖర్మ.

ఆరోజు చూడటానికి పిల్లల ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళంతా మా క్లాసుకొచ్చారు. కోటయ్యగారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో కిటికీ పక్కన కూర్చున్నారు. నాగమ్మగారు గంజిపెట్టిన నేత చీరలో తలుపు పక్కన కూర్చున్నారు. మధ్యలో వాళ్ళ వాళ్ళ జనం. ముందు నేల మీద ఖాళీ టబ్బు. పిల్లలిద్దరూ గ్లాసులు ఎత్తి పట్టుకుని ముందుకొచ్చారు.

కోటయ్యగారు లేచారు. "ఒరేయ్ బన్నీ! ఏందిరా చేతిలో?"

"నీళ్ళు తాతయ్యా."

"ఆ రంగేందిరా?"

వాడు నా వైపు వేలు చూపించాడు. ఇటు నాగమ్మగారు కూడా లేచారు. "ఏమే చిట్టీ, పారబొయ్యవే అది!"

"అమ్మా, అది ఇంట్లో పసుపేనండీ," అన్నాను.

"పసుపు నాకు తెలుసులే. ఇచ్చిన దాని ఉద్దేశం తెలవాలి!"

మాస్టారు నా పక్కకి పరిగెత్తుకొచ్చారు. "గ్లాసులు మార్చమ్మాయ్, మార్చు!" అని గొణిగారు. మార్చబోయాను. చిట్టి గ్లాసుని గుండెకి కరుచుకుంది. "ఇది నాది. టీచరిచ్చింది!" బన్నీ కూడా బిగుసుకుపోయాడు. అప్పుడు, దేవుడా, నా జీవితంలోకెల్లా చెత్త మాట అనేశాను.

"అయ్యా, రెండూ కలిసిపోతే ఎంత బాగుంటదో ఒక్కసారి చూడండి!"

గదిలో తుమ్ము కూడా లేదు.

"కలపటానికి నువ్వెవరు అమ్మాయ్?" అన్నారు కోటయ్యగారు.

నేను కాదు, పిల్లలే కలిపారు. నేర్పినట్టే ఇద్దరూ గ్లాసులు టబ్బులో గుమ్మరించారు. నిగనిగలాడే ఆకుపచ్చ! క్లాసంతా కేరింతలు. చిట్టీ బన్నీ అరచేతులు ముంచి, "చూడు చూడు" అంటూ చెరో వైపూ పరిగెత్తారు. తెల్ల చొక్కా మీద రెండు చేతుల ముద్రలు, నేత చీర మీద రెండు.

పసుపు మరక సంగతి మీకు తెలిసిందే, ఉతికినా పోదు. ఇద్దరూ రెండు మూలల నుంచీ నా మీదికొచ్చారు. ఇక బడి పోయింది, నా కొలువు పోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఏమే నాగమ్మా, చూశావా ఈ పిల్ల నిర్వాకం!"

"చూస్తానే ఉన్నా అన్నయ్యా! నీ చొక్కా చూడు, ఎట్టా అయిందో. కొత్తదా?"

కళ్ళు తెరిచాను. ఇద్దరూ పక్కపక్కన నిలబడి నన్ను తిడుతున్నారు. ఆయన ఆగితే ఆమె అందుకుంటోంది, ఆమె ఆగితే ఆయన. రెండేళ్ళ మాటలన్నీ నా మీదే ఖర్చుపెట్టారు. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మాస్టారు వెనక నుంచి నా చెవిలో, "తిట్టనీ అమ్మా, కదలబాక," అన్నారు, ఏడుపు గొంతుతో. నాకూ ఏడుపొచ్చింది, భయానికో సంతోషానికో ఇప్పటికీ తెలియదు.

బడికి తాళం పడలేదు. నా కొలువూ పోలేదు, నేనుంటేనే కదా వాళ్ళకి తిట్టడానికి మనిషి ఉండేది! ఆ తర్వాత ప్రతి శనివారం మనవల్ని తీసుకెళ్ళే వంకతో ఇద్దరూ వచ్చి, వరండాలో ఒకే బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ నన్ను తిట్టేవాళ్ళు. నాలుగేళ్ళు తిట్టించుకున్నాను. ఆ ఊరొదిలి వచ్చేటప్పుడు ఆ తిట్లు లేకుండా శనివారం ఎట్టా గడుస్తదా అని బెంగపడ్డాను.

ఆ సైన్స్ డే సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో పిల్లల ముందు రంగు ముట్టనని. మర్నాడు మునిగేవీ తేలేవీ చూపిద్దామని, బుద్ధిగా మామూలు నీళ్ళు పట్టి, పాత న్యూస్ పేపరుతో పడవ చేసి బన్నీ చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు.

"టీచర్, ఈ పేపరు మా తాతయ్య ఇంట్లోకి రానియ్యడు."

అందుకని, పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు సవరిస్తున్నాను. రంగు ముట్టను, పేపరు ముట్టను. పడవ చెయ్యాల్సొస్తే తెల్ల నోట్‌బుక్కు కాగితంతోనే చేస్తాను. అది కూడా నీలం గీతల్లేనిది.