చేపల కంపు కన్నా పెద్ద రోత

ఆ రోజు తప్పు నాదే. యానాంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో మేరీ అనే పరిశోధక విద్యార్థిని ఉంది. చేపల మార్కెట్ వ్యర్థాలు కుళ్ళితే వచ్చే గ్యాసులోని మీథేన్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ రుథీనియం అనే లోహం పూసిన పొడి మీదుగా పంపి హైడ్రోజన్ ఉన్న ఇంధన వాయువుగా మార్చడం ఆమె ప్రయోగం. ఆ గ్యాసులోనే ఉండే గంధకం తగిలితే ఆ పొడి పాడైపోతుంది. అందుకే గంధకాన్ని పట్టి ఉంచే ఇనుప తుప్పు రజనును గ్యాసు వచ్చే గొట్టంలో మార్చడం నా పని. వ్యర్థాలు నిలవ చేసిన డ్రమ్ము దగ్గర కుళ్ళు కంపుకి వాంతి వచ్చి, మార్చకుండానే వెనక్కి వచ్చేశాను.

పొడి పనిచేయలేదు.

"రజను మార్చేరు కదండీ?" అంది మేరీ.

"మార్చానమ్మా. నీ పొడే తేడాగా ఉంది."

"అయితే నావల్ల కాదండీ, మానేత్తాను" అని ఏడ్చింది.

నా మీద నాకే రోత పుట్టింది. అప్పటికప్పుడే ల్యాబులో అందరి ముందూ నిజం ఒప్పుకున్నాను. మర్నాడు ఆ గొట్టం నేనే కడిగి, కొత్త రజను నింపాను. తర్వాత మేరీ పక్కన కూర్చుని, కొత్త పొడి తయారయ్యేదాకా సాయం చేశాను.