గోడకి ఇవతలి గోల్‌పోస్ట్

తగరపువలసలో పొద్దున్నే వన్ టౌన్ బస్సెక్కితే నేను ఎప్పుడూ ఎడమవైపు కిటికీ పక్కనే కూర్చుంటాను. ఊరు దాటగానే అటువైపు ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం గోడ వస్తుంది. గోడ మీదుగా హాస్టలు పిల్లర్ల ఇనుప ఊచలు తుప్పు పట్టి కనిపిస్తాయి. మైదానం తయారైంది, పిల్లలు ఆడుతున్నారు. హాస్టలు మాత్రం అవుతోంది, అవుతూనే ఉంది. హోల్‌సేల్ కొట్టులో బిల్లులు కొట్టే పనికి వెళ్తూ ఈ గోడని చూడకూడదని రోజూ అనుకుంటాను, రోజూ చూస్తాను. తల తిప్పుకోలేని నా మీద నాకే కోపం వస్తుంది.

గోడ లేనప్పుడు అది మా గ్రౌండు. కాగితాల్లో ప్రభుత్వ బంజరు. కోతలయ్యాక సగం గ్రౌండులో రైతులు కళ్ళం వేసేవారు. నూర్పులు పూర్తయ్యేదాకా ఆ సగం వాళ్ళది, ఈ సగం మాది. బంతి కళ్ళంలోకి పోతే చెప్పులు విప్పి వెళ్ళి తెచ్చుకోవాలి, ధాన్యం మీద చెప్పుకాలు పడకూడదు. ఆ రోజుల్లో మాకు మిగిలేది ఒకటే గోల్‌పోస్ట్ కాబట్టి రెండు జట్లూ దానికే కొట్టేవి, రెండు జట్లకీ నేనే గోల్‌కీపర్ని. ఎవరు గోల్ కొట్టినా తిట్లు నాకే. అంతమంది మగపిల్లల మధ్య నన్ను నిలబెట్టింది నా ప్రతిభ చూసి కాదు, గోల్ కాయడానికి ఇంకెవరూ ఒప్పుకోక.

కానీ మా స్కూలు డ్రిల్లు మాస్టారు ఒకరోజు సైకిలాపి చాలాసేపు చూశారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, తొందరగా నవ్వరు.

"ఏమ్మా, బంతంటే భయం లేదా నీకు?" అన్నారు.

"బయమేటి సార్? అదేటి కరుత్తాదా?" అన్నాను.

మర్నాటి నుంచి బడి మొదలయ్యేముందు నాకొక్కదానికే గంటసేపు నేర్పడం మొదలుపెట్టారు. నేను ఏడో తరగతిలో ఉన్నాను. అంతవరకు నన్ను ఎవరూ ఏ విషయంలోనూ ప్రత్యేకంగా పిలిచి నిలబెట్టలేదు, ఒక్క హోంవర్కు చెయ్యనందుకు తప్ప.

శిక్షణ కేంద్రం మాట మా ఇంటికి తెచ్చింది ఆయనే. మన గ్రౌండులోనే ఉత్తరాంధ్ర అంతటికీ కేంద్రం కడుతున్నారు, తిండి, చదువు, ఆట అన్నీ ప్రభుత్వమే చూస్తుంది, పదహారేళ్ళ లోపు పిల్లల్ని తీసుకుంటారు, వచ్చే ఏడాదికి తెరుస్తారు అని మా నాన్నకి చెప్పారు. "మీ అమ్మాయికి సీటు తప్పకుండా వస్తుందండీ. ఇలాంటి గోల్‌కీపర్ని నేను చూడలేదు."

మా నాన్న గురించి ఇక్కడ చెప్పాలి. పోర్టులో పని. ఆయనకి అన్నిటికీ తొందరే. పెళ్ళికి వెళ్తే పెళ్ళివారికంటే ముందు మండపంలో ఉంటాడు. ఆలస్యం అమృతం విషం అన్నది ఆయనకి వచ్చిన ఒకే ఒక్క సామెత, దాన్ని రోజుకి నాలుగుసార్లు వాడతాడు. నన్ను బళ్ళో వేసిందీ ఆ తొందరతోనే. నాకు నాలుగు నిండగానే మా అన్నతోపాటు నన్నూ లాక్కుపోయి, "ఐదు నిండిపోయాయండి. సిన్నగా కనపడతాది గాని గట్టి పిల్ల," అని ఏడాది ఎక్కువ వేయించాడు. అమ్మమ్మగారి ఊళ్ళో ఇంట్లోనే పుట్టాను, పుట్టుక ఎవరూ రాయించలేదు. కాబట్టి బడిలో ఏది రాస్తే అదే నా వయసు. ఆధార్ కార్డు కూడా దాన్ని చూసే ఇచ్చారు. మా వీధిలో సగం మంది పిల్లలు ఇలా కాగితం మీద పెద్దవాళ్ళే. పిల్లలు తొందరగా చదివేసి తొందరగా ఉద్యోగంలో పడాలని వాళ్ళ నాన్నల ఆశ.

"ఏడాదిలో తెరిచేత్తే పదమూడో పద్నాలుగో ఉంటాయి కాయితం మీద. పదారు లోపే గదా. ఏటి పరవాలేదు," అన్నాడు నాన్న. మాస్టారూ పర్లేదన్నారు. అప్పుడు నిజంగానే పర్లేదు.

శంకుస్థాపనకి పెద్దాయనెవరో వస్తున్నారని ఊరంతా హడావుడి. అందరికంటే ఎక్కువ హడావుడి మా నాన్నది. సెలవు పెట్టి మరీ గ్రౌండులో తుప్పలు కొట్టించాడు. తరవాత ఆయన చూపు మా గోల్‌పోస్టుల మీద పడింది. అవి సరుగుడు కర్రలు. "ఇనప పోస్టులు ఒచ్చేత్తన్నాయి, ఇంకా ఈ కర్రలేటికి? పెద్దోలొచ్చేసరికి గ్రౌండు సుబ్బరంగా ఉండాల," అని తనే గునపంతో పీకాడు. ఆటగాళ్ళందరూ సాయం పట్టారు. నేనూ పట్టాను, ఈలలు వేస్తూ. సముద్రపు గాలికి షామియానా నిలబడటం లేదని టెంట్‌హౌసువాళ్ళు మొత్తుకుంటుంటే నాన్న ఆ కర్రలే ఇచ్చేశాడు. మా అడ్డకర్రకి పెద్దాయన ఫ్లెక్సీ కట్టారు. సభ అయ్యాక టెంట్‌హౌసు వాళ్ళు తమ కర్రలతో పాటు మావీ వ్యానులో వేసుకుని పోయారు.

"పోనీ బావ, ఏడాదే గదా," అన్నాడు నాన్న, పక్కింటాయన అడిగితే.

ఇంట్లో అమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ అంది. "ఆలూ నేదు, సూలూ నేదు, కొడుకు పేరు సోమలింగమంట. ఉన్న కర్రలు కూడా ఇచ్చేసొచ్చినాడు."

శంకుస్థాపన జ్యేష్ఠంలో అయింది. పని మొదలుపెట్టేలోగా ఆషాఢం వచ్చింది, ఆషాఢంలో పలుగు దింపనన్నాడు కాంట్రాక్టరు. తరవాత వానలు. తరవాత మూఢం. ఎట్టకేలకు పునాదులకి కందకాలు తవ్వితే తుఫాను వచ్చి అవి నిండాయి, గేదెలు దిగాయి. కప్పలు అంత సంతోషంగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆ నీళ్ళు ఇంకేసరికి ఎన్నికల కోడ్. ఎన్నికలయ్యాక కొత్తవాళ్ళు వచ్చారు, వాస్తు చూపించారు. గేటు దక్షిణానికి ఉందిట, ఇక్కడ తయారైన ఆటగాళ్ళు ఎక్కడా గెలవరట. గెలుస్తారో ఓడతారో తెలియాలంటే ముందు ఎవరైనా ఒకళ్ళు ఆడాలి కదా అని మాస్టారు అన్నారు, మాతో మాత్రమే. గేటు పడగొట్టి తూర్పుకి పెట్టారు. తూర్పు వైపు డ్రెయినేజీ కాలువ ఉంది, దాని మీద కల్వర్టు కావాలి, అది ఇంకో శాఖ పని. మళ్ళీ శంకుస్థాపన చేశారు. మా నాన్న రెండోదానికీ ముందు వరసలోనే కూర్చున్నాడు, కానీ ఈసారి ఎవరికీ ఏ సాయమూ చెయ్యలేదు.

ఇంత ఆలస్యంలోనూ ఒక్కటి మాత్రం టైముకి లేచింది, ప్రహరీ గోడ. ఆక్రమణలు జరగకుండా అన్నారు. మేము ఆక్రమణదారులం అయిపోయాం. గోడ లోపల తుంగ మనిషెత్తు పెరిగింది, వాచ్‌మన్ మమ్మల్ని రానిచ్చేవాడు కాదు. రైతులు హైవే పక్క రోడ్డు మీద రాళ్ళు అడ్డం పెట్టుకుని ధాన్యం ఎండబెట్టుకున్నారు. ఆడే కుర్రాళ్ళు చెదిరిపోయారు, కొందరు క్రికెట్‌కి, కొందరు పనులకి.

నేను పోలేదు. గోడకి ఇవతల, ఇటుక ముక్కతో గోల్‌పోస్ట్ గీసుకున్నాను. షిఫ్టు దిగి వచ్చాక నాన్న లుంగీ ఎగ్గట్టి బంతి కొట్టేవాడు. ఆయన కాలు బంతికి తగిలేది తక్కువ, రాళ్ళకి తగిలేది ఎక్కువ. ఆదివారాలు మాస్టారు వచ్చి కొట్టేవారు, అప్పుడు నా అరచేతులు మండేవి. ఆ మంట నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక్కోసారి బంతి గోడ దాటి లోపల పడేది. వాచ్‌మన్ తుంగలోంచి వెతికి విసిరేవాడు. నాకంటే బంతే ఎక్కువసార్లు ఆ కేంద్రంలోకి వెళ్ళింది.

సిటీలో క్యాంపులున్నాయని మాస్టారు అంటే, రోజూ అంత దూరం పంపనని అమ్మ కచ్చితంగా చెప్పేసింది. ఇక మిగిలింది ఈ కేంద్రమే. రాత్రి పడుకుంటే అక్కడి మంచం కనిపించేది, నా పేరున్న బీరువా, పొద్దున్నే ఈల, వరసలో నిలబడ్డ పిల్లల్లో నేను. ఉండని చోటు మీద బెంగ పెట్టుకుంటారని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. నేను పెట్టుకున్నాను. తొమ్మిదో తరగతిలో పెట్టుకున్నాను, పదిలో పెట్టుకున్నాను. పది పాసైనప్పుడు అందరూ స్వీట్లు పంచితే నాకు ఏడుపొచ్చింది, ఇంకో ఏడాది అయిపోయిందని.

నాన్న కూడా మారిపోయాడు. సముద్రంలో లంగరేసి ఆగిన ఓడల గురించి రోజూ చెప్పే మనిషి, ఒక సాయంత్రం బంతి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "ఓడ ఒక పూట ఆగితే ఆపీసులన్నీ అడుగుతాయి, ఎందుకాగింది, ఎవుడాపేడని. పిల్ల ఆగిపోతే అడిగేవోడున్నాడేటి?" అన్నాడు. ఆయన మళ్ళీ బంతి కొట్టాడు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మైదానం మాత్రం పూర్తయింది. హాస్టలు తరవాత, ముందు ఎంపికలు జరుపుతాం అన్నారు. కాగితం మీద నాకు పదహారు దాటి కొన్ని నెలలయ్యాయి. ఒంటికి దాటలేదు.

అయినా వెళ్ళాం. నాన్న, మాస్టారు, నేను. తూర్పు గేటులోంచి మొదటిసారి లోపలికి అడుగుపెట్టాను. ఎంపిక చేయడానికి వచ్చిన సార్ బల్ల దగ్గర నా ఆధార్ చూసి, మర్యాదగానే, వయసు దాటిపోయిందమ్మా అన్నారు. నాన్న ముందుకొచ్చాడు.

"సార్, తప్పు నాది. ఏడాది నానే ఎక్కువేయించాను. అది పుట్టింది మా తమ్ముడి పెళ్ళినాడు, ఊరంతా సాచ్చెం సెప్తాది. ఎముకల పరీచ్చ ఉంటాదంట గదా, సేయించండి."

ఆయన నాన్న వైపు జాలిగా చూశారు. "అది వయసు తగ్గించి వేయించుకున్నవాళ్ళని పట్టుకోవడానికండీ. పెంచి వేయించుకున్నవాళ్ళ కోసం మా దగ్గర ఏమీ లేదు. ఇంతవరకు ఎవరూ రాలేదు."

"చెప్పిన టైముకి తెరిచి ఉంటే ఈ గొడవే లేదు కదండీ," అన్నారు మాస్టారు.

"అది నా చేతిలో లేదండీ," అన్నారాయన. నిజమే. నాకు అరవాలని ఉంది, కానీ అరవదగ్గ మనిషి అక్కడ ఒక్కడూ లేడు. నాన్న మొహం చూస్తే ఆయన మీద కూడా కోపం రాలేదు.

వెనక్కి తిరుగుతుంటే ఆ సార్ నా చేతి గ్లోవ్స్ చూసి పిలిచారు. గోల్ కాసేవాళ్ళు ఇద్దరే వచ్చారట, మిగతా పిల్లల షాట్లు పరీక్షించడానికి ఇంకొకరు కావాలట. "ఎలాగూ వచ్చావు. కాసేపు నిలబడతావా?"

పొమ్మని చెప్పాల్సింది. పరిగెత్తాను.

ఆ మధ్యాహ్నం ఎవరి షాటూ వదల్లేదు. పైకొచ్చినవి, కిందకొచ్చినవి, మూలకి పోయేవి, అన్నీ. ఇనుప పోస్టుల మధ్య నాకు చోటు చాలా ఎక్కువ ఉన్నట్టనిపించింది, అదంతా నాదే అనిపించింది. గీత అవతల నుంచి నాన్న ప్రతి బంతికీ చప్పట్లు కొట్టాడు. పక్కనున్న ఇంకో నాన్న, "మా పిల్లవి కూడా ఆపేత్తే ఎలాగమ్మా!" అని గొణిగాడు. అప్పుడు గాని నాకు గుర్తు రాలేదు, నేనాపుతున్నది వాళ్ళ ఎంపికలని. గుర్తొచ్చాక కూడా వదల్లేదు.

అంతా అయ్యాక సార్ భుజం తట్టి బాగా ఆపావన్నారు. నాన్న ఆశగా దగ్గరికొచ్చాడు. "అయితే రేపు కూడా తీసుకురమ్మంటారేటి సార్?"

"అక్కర్లేదండీ. గోల్‌కీపర్ ఎంపికైపోయింది."

ఎంపికైన పిల్ల బొబ్బిలి వైపు నుంచి వచ్చింది. పొడుగ్గా, బెరుగ్గా ఉంది. సామాన్లు సర్దుకుంటుంటే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, కిందకొచ్చే బంతికి నువ్వు పక్కకి పడతన్నావు గదా, అదెలాగో నాకు సెప్పవా?"

ఎప్పుడు పుట్టావని అడిగాను. చెప్పింది. మనసులో లెక్క వేసుకున్నాను. అసలు వయసులో ఆ పిల్ల నాకంటే నాలుగు నెలలు పెద్దది.

ఆ మాట చెప్పలేదు. ముందు మోకాలు వంచాలి, తరవాత తొడ నేలకి ఆనాలి, మోచెయ్యి కాదు అని చెబుతూ ఒకసారి పడి చూపించాను. కింద పచ్చగడ్డి, ఇంకా తడిగా, మెత్తగా ఉంది. బంతి నా గుండెల మీద ఉంది.

"తెలిసింది అక్కా," అంది ఆ పిల్ల.

"తెలీలేదు నీకు. ఉండు, ఇంకోపాలి సూపిత్తాను," అన్నాను.