ట్రైలర్ ఎక్కిన విమానం

ట్రైలర్ ఉస్తాద్ కన్నుమూశారని ఆయన పెద్దకొడుకు ఫోన్ చేశాడు. బూర్గంపాడులో, ఇంట్లోనే, నిద్రలో పోయారట. నేను వెళ్లేసరికి ఖననం కూడా అయిపోయింది. ఆయన ఉండగా చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఇక్కడ చెబుతున్నాను.

బొగ్గు గనుల యంత్రాలను ట్రైలర్ మీద తరలించడం ఆయన పని. నేను విమానాల మెకానిక్‌ని. మా శిక్షణ కేంద్రం వాళ్ల రెండు సీట్ల విమానం ఇంజన్ ఆగిపోయి, బూర్గంపాడు దగ్గర పత్తి పీకేసిన చేలో దిగింది. పైలట్‌కు ఏమీ కాలేదు. విమానాన్ని రోడ్డు మీద మా కేంద్రానికి క్షేమంగా చేర్చే పూచీ నాది. కిరాయికి దొరికిన ట్రైలర్ ఆయనది.

రెక్కలు విప్పి, మెత్తలు వేసిన చట్రాల్లో నిలబెట్టాం. మిగతాది ట్రైలర్ మీద తన చక్రాలతోనే నిలిచింది. ఉస్తాద్ అలవాటుకొద్దీ బుల్డోజర్‌ను కట్టినట్టే మీదుగా గొలుసు వేసి బిగించారు. గనుల దగ్గర రాడ్డుతో కొడితే గొలుసు ఖంగుమనాలి, అప్పుడే బండి కదులుతుంది. ఇక్కడ అంతకుముందే విమానం రేకు కిర్రుమంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన గొలుసులన్నీ విప్పేసి, గట్టు మీద కూర్చుని బీడీ కాల్చి వచ్చారు.

"దీనికి బలం ఏడుంటది సారు?"

చక్రాల ఇరుసు చూపించాను. బట్ట పట్టీలతో ఇరుసునే నాలుగు వైపులా లాగి కట్టారు. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు కొట్టారు. "బరువుదైతే బిగించాలె. ఇది తేలికది, గాలికి లేస్తది. కదలకుంట పట్టుకుంటే చాలు" అన్నారు.

కాసేపటికోసారి బండి ఆపి పట్టీలు తడిమి చూడటం ఆయన పద్ధతి. ఏన్కూరు దాటాక మబ్బు పట్టింది. ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇక ఆపొద్దని కాస్త కటువుగానే అన్నాను. ఆయన విననట్టే ఆపారు. దిగి చూస్తే ఎడమ చక్రం చెక్క పగిలిపోయి ఉంది, పట్టీ వదులైంది. చక్రం ట్రైలర్ అంచుకు జానెడు దూరంలో ఉంది. ఆయన సరిచేసి, నావైపు చూడకుండా క్యాబిన్ ఎక్కారు.

చేరాక మా అధికారి ఆలస్యమెందుకని అడిగారు. నేను పట్టీలు విప్పే పనిలో పడ్డాను.

"అడుగడుగున ఆపి చూడుమన్నడు ఈ సారు. గందుకే బండి మంచిగ వచ్చింది" అన్నారు ఉస్తాద్.

మెచ్చుకోలు నాకు దక్కింది. ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసింది.

ఆ విమానం మళ్లీ ఎగిరే రోజున, అందరి ముందూ చెప్పేద్దామని ఆయన్ని పిలిపించాను, ఆ రోజూ చెప్పలేకపోయాను. అది నేల విడిచింది. అందరం ఆకాశంలోకి చూస్తున్నాం. ఆయన కుడిచేయి మాత్రం పట్టీని లాగి పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంది. విమానం చుక్కంతై, అడవి వైపు కనుమరుగయ్యే దాకా ఆ పిడికిలి అలాగే ఉంది.