బామ్మర్దితో మజాక్

మా ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది విన్నవాళ్ళలో సగం మంది ఆయన్ను తిడతారు, మిగతా సగం మంది "ఇంత చిన్నదానికా!" అని నన్ను తిడతారు. రెండూ నాకు అలవాటైపోయాయి.

ఆయన చాలా ఏళ్ళు దుబాయిలో కూలిపని చేసి వచ్చాడు. ఇప్పుడు కోరుట్లలో ట్రాలీ ఆటో నడుపుతాడు. గల్ఫ్‌కు పోకముందు ఎంత నెమ్మదస్తుడో నాకు తెలుసు. అక్కడ క్యాంపులో మంచం మీద మంచం వేసుకుని బతికే మగవాళ్ళు పొద్దుపోక ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళట. ఒకడి చెప్పులు దాచడం, ఇంకొకడిని సేటు పిలుస్తున్నాడని ఎండలో పరుగెత్తించడం. అత్తరు సీసాలతో, దుప్పట్లతో పాటు ఆ అలవాటును కూడా మూటగట్టుకుని వచ్చాడు. ఆటో స్టాండులో ఆయనుంటే నవ్వులే నవ్వులు. ఊళ్ళో అందరికీ ఆయనంటే ఇష్టం.

మా వైపు వరసైనవాళ్ళ మధ్య పరాచికానికి హద్దు లేదు. బావాబామ్మర్దులు, వదినామరదళ్ళు ఏమైనా అనుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. పెళ్ళిలో బామ్మర్ది బావ మొహానికి మసి పూస్తాడు, బావ బామ్మర్దిని నీళ్ళ డ్రమ్ములో ముంచుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతారు. నాకున్నది ఒక్కడే తమ్ముడు. మా ఆయనకు ఉన్నది ఆ ఒక్క బామ్మర్దే.

తమ్ముడు సిరిసిల్లలో సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. మేము పుట్టిందీ అక్కడే, మా నాయన నడిపిందీ సాంచాలే. చిన్నప్పుడు నేను నాయనకు సద్ది తీసుకుపోతుంటే తమ్ముడు నా గౌను పట్టుకుని వెనకే వచ్చేవాడు. ఆ షెడ్డులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. మమ్మల్ని చూడగానే నాయన ఐదు వేళ్ళూ దగ్గరకు చేర్చి నోటి దగ్గర పెట్టి కనుబొమలు ఎగరేసేవాడు. తిన్నారా అని. తింటే కడుపు మీద చెయ్యేసి చూపించేవాళ్ళం. తినకపోతే అరచెయ్యి అటూ ఇటూ తిప్పేవాళ్ళం. అప్పుడు నాయన తన సద్దిలోంచి మా ఇద్దరికీ చెరో ముద్ద పెట్టేవాడు.

నాయన పోయాడు, కొన్నాళ్ళకు అమ్మా పోయింది. నేను కోరుట్లలో కాపురం, వాడు సిరిసిల్లలో కిరాయి గది. వాడికి ఎన్ని సంబంధాలు చూశామో లెక్కలేదు. "సాంచాల మీద పనిచేసేటోనికి పిల్లనెవరిస్తరమ్మా?" అని మొహం మీదే అనేవాళ్ళు. చూస్తుండగానే వాడి నుదురు పైన వెంట్రుకలు పలచబడ్డాయి. పెళ్ళి మాట ఎత్తడం నేను మానేశాను, వినడం వాడు మానేశాడు.

రోజూ ఫోన్ మాత్రం చేసేదాన్ని. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి, "తిన్నవారా?" అనేదాన్ని. "తిన్నక్కా" అనేవాడు. ఎప్పుడడిగినా అదే. వాడు తిన్నానంటే నేను ఇంకో ఆకు చుట్టడానికి తీసుకునేదాన్ని.

ఇప్పుడు మా ఆయన చేసిన పని చెప్తాను. ఇదంతా జరిగిపోయాక నాకు తెలిసింది. ఒక కొత్త సిమ్ వేసి, ఎవరిదో ఫోటో పెట్టి, కథలాపూర్‌లో పుట్టింట్లో ఉంటున్న ఆడమనిషినని తమ్ముడికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. మొదటి పెళ్ళి పెటాకులైందని, పెద్దమనుషులెవరో నీ నంబరిచ్చారని రాశాడు. మగ గొంతును ఆడ గొంతుగా మార్చే యాప్ ఒకటుందట, దానితో ఫోన్‌లో మాట్లాడాడు కూడా. వానాకాలం మొదట్లో మొదలుపెట్టి నాట్లు అయిపోయేదాకా సాగదీశాడు. ఆ తర్వాత ఒక ఆదివారం కోరుట్ల బస్టాండుకు రమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను వాకిట్లో నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చేస్తున్నాను. పక్కింటామె ఫోన్ చూసి పడీ పడీ నవ్వుతూ నా ముందు పెట్టింది.

"నీ మొగడే గదనే! సూడు, సూడు!" అంది.

వీడియోలో బస్టాండు. ఒక బెంచీ మీద ముసుగు వేసుకున్న ఆడమనిషి. మా తమ్ముడు దూరం నుంచి వస్తున్నాడు. కొత్త చొక్కా, లోపలికి దోపాడు. జుట్టుకు రంగు వేసుకున్నాడు. చేతిలో ఆకులో చుట్టిన మల్లెపూలు. బెంచీకి ఆ చివర, ఇద్దరు మనుషులు పట్టేంత జాగా వదిలి కూర్చున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. తర్వాత, "బస్సుల సీటు దొరికిందా?" అని అడిగాడు.

ముసుగు తొలగింది. మీసాలతో మా ఆయన. చుట్టూ దాక్కున్న ఆటోవాళ్ళ కేకలు, ఈలలు. మా ఆయన ఆ మల్లెపూలు లాక్కుని చెవి పైన పెట్టుకుని, తల వంచి సిగ్గు ఒలకబోశాడు. బస్టాండులో ఉన్నవాళ్ళంతా ఫోన్లు తీశారు. ఆయన కట్టుకున్న చీర నాది.

మా తమ్ముడు కూడా నవ్వాడు. అందరి కంటే గట్టిగా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు, బామ్మర్ది కదా! కానీ ఆ నవ్వు నాకు తెలుసు. అమ్మ చనిపోయిన రోజు వచ్చినవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెడుతూ వాడు అదే నవ్వు నవ్వాడు. బస్టాండు నుంచి మా ఇంటికి నడిచి రావచ్చు. వాడు రాలేదు, వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాడు.

సాయంత్రం మా ఇల్లంతా చుట్టాలే. ఆడబిడ్డ, ఆమె పిల్లలు, ఆయన దోస్తులు. మా ఆయన మధ్యలో కూర్చుని మెసేజ్‌లన్నీ గొంతులు మార్చి చదివి వినిపిస్తున్నాడు. నేను వంటింట్లో చాయ్ పోస్తున్నాను.

"తిన్నవా?" అని ఆడ గొంతుతో చదివాడు. తర్వాత మా తమ్ముడి గొంతుతో, "ఇంకా తినలే. ఒక్కనికి పొయ్యి ముట్టియ్యబుద్ధి గాదు."

నవ్వులు.

"తిన్నవా?" "నిన్న గూడ చాయ్ తాగి పండుకున్న. నువ్వడిగినవు గద, గిప్పుడు వండుకుంట."

ఇంకా పెద్ద నవ్వులు. ఎన్నేళ్ళుగా అడుగుతున్నాను వాడిని! ఒక్కసారైనా తినలేదని నాతో అన్నాడా? ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. ఆ మనిషి కూడా లేదు.

బయటికి వచ్చి ఫోన్ గుంజుకున్నాను. "మనిషివేనా నువ్వు? వాని ఉసురు పోసుకుంటవా?" అన్నాను.

ఆడబిడ్డ మూతి తిప్పింది. "వరసైనోడు మజాక్ జేస్తే గింత కోపమేంది వదినా? గా పిలగాడే నవ్వుకుంట పోయిండు. నీకేమైంది?"

"బామ్మర్దిని గాకుంటే మామను ఏడిపియ్యాల్నా?" అన్నాడు మా ఆయన. మళ్ళీ అందరూ నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ ఇంట్లో ఎలుక పక్కన నిలబడినదాన్ని నేనొక్కదాన్నే. లోపలికి పోయి పొయ్యి ఆర్పేసి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.

రాఖీ పున్నానికి నేనే సిరిసిల్ల పోయాను. గదికి తాళం వేసి ఉంది. షెడ్డుకు పోయాను. నన్ను చూడగానే అక్కడ పనిచేసే ఒకతను మెడలో టవల్ తీసి తల మీద ముసుగులా కప్పుకుని, మా తమ్ముడి వైపు చూసి మెలికలు తిరిగాడు. పక్కనున్నవాళ్ళు పళ్ళికిలించారు. వీడియో నా కంటే ముందే అక్కడికి చేరింది. తమ్ముడు తల ఎత్తలేదు, తెగిన పోగు ముడివేస్తూ ఉన్నాడు.

తర్వాత బయటికి వచ్చాడు. చెయ్యి చాపాడు, రాఖీ కట్టాను. నోట్లో మిఠాయి పెట్టాను. మింగాడు. జేబులోంచి ఫోన్ తీసి నాకు చూపించాడు.

నా నంబరు నుంచి మెసేజ్. "కథలాపూర్ పిల్లను నాకెర్కనే. మంచిది. ముందుగాల నువ్వు పోయి సూడు. మీ బావకు చెప్పకు."

"గిది నేను పెట్టలేదురా" అన్నాను.

"బావ సంగతి నాకెర్కలేదా అక్కా? బావ చెప్తే నమ్ముతనా? నోటితోని అడుగ సిగ్గయి నీకు మెసేజ్ పెట్టిన. నువ్వు మంచిదంటివి, గందుకే పోయిన."

"నాకు తెల్వదురా. అమ్మ తోడు!"

"సరే అక్కా" అన్నాడు. నమ్మానని కాదు, నమ్మలేదనీ కాదు. బస్సు ఆలస్యమైతే కండక్టర్‌తో అన్నట్టు అన్నాడు. లోపలికి పోయాడు. ప్రపంచంలో నా రక్తం పంచుకున్నవాడు వాడొక్కడే. వాడు నన్ను కూడా ఆ నవ్విన గుంపులోనే నిలబెట్టాడు.

ఇంటికొచ్చి అడిగితే మా ఆయన దాచలేదు. "నీ ఫోన్‌లకెళ్ళి నేనే పెట్టిన. గది లేకుంటే వాడు నమ్ముతడా?" అన్నాడు. తమ్ముడు అడిగిన మెసేజ్‌నూ, తను పెట్టిన జవాబునూ నా ఫోన్‌లో కనపడకుండా తీసేశాడట. తెలివి చూడండి!

"ఇప్పుడే ఫోన్ జేసి వానికి చెప్పు. అక్కకేం తెల్వదని చెప్పు" అన్నాను.

చేశాడు. పాపం, చేశాడు. కానీ తమ్ముడు ఎత్తగానే ఈయన నోటి నుంచి ఏం వచ్చిందంటే, ఆ ఆడ గొంతే. "తిన్నవా?" అని. అటు నుంచి కట్ అయింది.

చాట ఎత్తి విసిరికొట్టాను. పొగాకు గోడల మీద, దేవుడి పటం మీద, ఆయన తల మీద పడింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల దులుపుకున్నాడు. నేల మీద కూర్చుని పొగాకు ఏరడం మొదలుపెట్టాడు.

"నవ్వుతడనుకున్ననే" అన్నాడు ఏరుతూనే. "క్యాంపుల ఎవ్వడన్న ఏడిస్తే గిట్లనే నవ్విస్తుంటిమి. నాకింకోటి రాదు."

ఆయన మీద జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన కోపం పోదు. ఆ రెండూ పక్కపక్కనే పెట్టుకుని ఆ ఇంట్లో తిరుగుతున్నాను. ఆయన ఇప్పుడు నా ముందు మజాక్ చెయ్యడు. మా ఇద్దరి మధ్య మాటలు కూడా తగ్గాయి. మాట్లాడుకోవడానికి ఆయన దగ్గర వేరే మాటలు లేవని అప్పుడు అర్థమైంది.

తమ్ముడికి ఫోన్ చేస్తే "తిన్నక్కా, డ్యూటీల ఉన్న" అని పెట్టేసేవాడు. మెసేజ్ పెడితే చూసేవాడు, జవాబు రాదు. ఆ మెసేజ్ ఎవరు పెట్టారో వాడికేం తెలుసు? గొంతు విన్నా అది ఎవరి గొంతో వాడికేం నమ్మకం? నేనే పోవాలి. వేరే దారి లేదు.

పోవడం మొదలుపెట్టాను. వారం వారం పొద్దున్నే వండి, డబ్బా కట్టుకుని, వేములవాడలో బస్సు మారి, సిరిసిల్ల. "ఎందుకే గంత దూరం?" అని బీడీల దగ్గర ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. నేను ఇంకో బీడీ చుట్టేదాన్ని. షెడ్డు గుమ్మంలో నిలబడి, ఐదు వేళ్ళూ చేర్చి నోటి దగ్గర పెట్టి వాడిని అడిగేదాన్ని. వాడు చూసి, కడుపు మీద చెయ్యి వేసి, మళ్ళీ సాంచా వైపు తిరిగేవాడు. తిన్నాడట! గోడ మేకుకు వాడి సద్ది సంచి ఖాళీగా వేలాడుతూ కనపడేది. డబ్బా గుమ్మంలో పెట్టి వచ్చేసేదాన్ని. నేను పెట్టలేదురా ఆ మెసేజ్ అని చెప్పడం కూడా మానేశాను. ఎన్నిసార్లు చెప్తే నిజమవుతుంది?

మొన్న పోయినప్పుడు బాగా వాన. వేములవాడలో బస్సు దొరక్క తడిసిపోయాను. పొద్దున వాడికి వండిన తొందరలో నేను తినలేదు. గుమ్మంలో నిలబడి కొంగు పిండుకుంటున్నాను, ఇంకా తల కూడా ఎత్తలేదు. ఎవరో చూస్తున్నట్టనిపించింది.

తమ్ముడు సాంచాల మధ్య నిలబడి నన్నే చూస్తున్నాడు. ఐదు వేళ్ళూ చేర్చి, నోటి దగ్గర పెట్టి, కనుబొమలు ఎగరేశాడు.

ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో! అలవాటు చొప్పున నా చెయ్యి కడుపు మీదికి పోయింది. సగంలో ఆపాను. అరచెయ్యి అటూ ఇటూ తిప్పాను.

వాడు కదలకుండా చూశాడు. నేను వేళ్ళు చేర్చి వాడిని అడిగాను. సాంచాలు దడదడమంటూనే ఉన్నాయి. వాడి చెయ్యి నెమ్మదిగా లేచింది. కడుపు దగ్గరకు పోలేదు. గాలిలో అటూ ఇటూ తిరిగింది.

తినలేదు.

తమ్ముడు ఆకలితో ఉన్నాడని తెలిసి అంత సంతోషపడిన అక్క ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అక్కడే గుమ్మంలో కూలబడి, నలుగురూ చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను. వాడు సాంచా ఆపి వచ్చాడు. టవల్ తీసి నా తల మీద వేశాడు. డబ్బా మూత తీశాను, పప్పన్నం ఇంకా వెచ్చగానే ఉంది. మొదటి ముద్ద కలిపి వాడే నాకు పెట్టాడు.