నవ్వు కోసం ఆగిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో ఇంగ్లీషు రాకుండా దిల్‌సుఖ్‌నగర్‌లో బతకడం కష్టం అనుకునేదాన్ని. వచ్చాక బతకడం ఇంకా కష్టమని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. రోడ్డు నడుమంతా గుంతలు, గుంతల చుట్టూ రేకులు, రేకుల నిండా స్పోకెన్ ఇంగ్లీషు పోస్టర్లు. మా మ్యాచింగ్ సెంటర్ మెట్లు దిగితే చాలు, ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెట్టేవారు. లైనింగు గుడ్డలు, చీరల ఫాల్సుల మధ్య పెరిగినదాన్ని, చెప్పిన ధరకు ఏదైనా కొంటే ఆ పూట అన్నం సయించని ఇంటి పిల్లని, ఫీజు కట్టి భాష నేర్చుకోవడమా? ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లోనూ మొదటి రోజు డెమో క్లాసు ఉచితం. నేను ఆ మొదటి రోజులన్నీ ఏరుకున్నాను. ఒకచోట సోమవారం, ఇంకోచోట మంగళవారం, చైతన్యపురి దాకా ఒక్కటీ వదల్లేదు. కానీ ఏ డెమో క్లాసైనా మొదలయ్యేది ‘మై నేమ్ ఈజ్’ తోనే కదా. కొన్నాళ్ళకి నన్ను నేను పరిచయం చేసుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేకుండా పోయారు. పరిచయమయ్యాక ఆ మనిషితో ఏం మాట్లాడాలో మాత్రం తెలీదు. (అది రెండో రోజు పాఠమట.)

ఇంత తిప్పలు ఎందుకంటే, బాపు మా దుకాణం పక్కనున్న ఖాళీ షాపు గది, మా మాటలో మడిగె, కిరాయికి తీసుకుంటున్నాడు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న నన్ను అందులో కూర్చోబెట్టాలని ఆయన కోరిక. “ఆషాఢం సేల్ లోపట ఆఫీసు నౌకరి ఒస్తె సరే బిడ్డా, నేను ఒద్దన. రాకుంటె పక్క మడిగెల నువ్వే కూసోవాలె. బోర్డు గూడ నీ పేరు మీదనే రాయిస్త,” అన్నాడు. బోర్డు మీద పేరంటే ఎవరికైనా సంబరమే. నాకు మాత్రం మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఏసీ గదిలో, ‘జాకెట్ గుడ్డ రంగు పోతదా?’ అని ఎవరూ అడగని చోట కూర్చోవాలని ఉండేది.

అప్పుడు కాపాడింది వనస్థలిపురంలో ఉండే నా స్నేహితురాలు. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబం. ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, “ఇన్‌స్టిట్యూట్లూ వద్దు ఏమీ వద్దు, ఈ సీరియల్ చూడవే. మొగుడూ పెళ్ళాల గోల. కడుపుబ్బ నవ్వుతూ నేర్చేసుకుంటావు,” అంది. ఎక్కడో విదేశంలో ఒక ఇల్లు, ఒక సోఫా, ఒక అమాయకపు భర్త, నోరున్న భార్య, నడుమ అత్తగారు. ఒకళ్ళు ఏదన్నా అనగానే కనపడని జనం ఘొల్లున నవ్వుతారు. ఆ నవ్వు ఆగేదాకా సోఫాలో వాళ్ళు బొమ్మల్లా ఆగిపోతారు. నేను భార్య పాత్ర తీసుకున్నాను. ‘వియ్ నీడ్ టు టాక్’ అంటే మనం కొంచెం మాట్లాడుకోవాలని, అంటే మొగుడి పని అయిపోయిందని. ‘ఐ యామ్ నాట్ యాంగ్రీ’ అంటే నాకు కోపం లేదని, అంటే చాలా ఉందని. మొగుడు ఎంత పెద్ద కానుక తెచ్చినా ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ‘ఈజ్ దట్ ఆల్?’ అనేది, ఇంతేనా అన్నట్టు. ఈ మాటలన్నీ నేను తూచా తప్పకుండా నేర్చుకున్నాను, ప్రతి మాట తర్వాత ఆగడంతో సహా. ఆ ఆగడం కూడా ఇంగ్లీషులో భాగమే అనుకున్నాను మరి.

పొద్దుగూకి షట్టర్ దించాక ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు చేరేవాళ్ళం. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తీర్పు మాత్రం చెప్పేది. “గా అత్త మంచిదే పాపం. కోడలికే నోరెక్కువ. గాయనేంది, గొడవైతె సోఫల పంటడు? ఇంట్ల మంచం లేదా?” బాపు మాత్రం ఆ భర్త అనే ఒకే ఒక్క మాట పట్టేశాడు: ‘యూ ఆర్ రైట్, డియర్’. కొత్తిమీర తెమ్మన్నా అదే, స్నానానికి పొమ్మన్నా అదే. అనేసి, భుజాలెగరేసి, మా వైపు చూస్తూ ఆగేవాడు. నేనూ తమ్ముడూ ఆ కనపడని జనం తరఫున ఘొల్లున నవ్వేవాళ్ళం. అమ్మ చీపురు తీసేది.

ఎల్‌బీ నగర్‌లో కర్టెన్లు, పరుపులు అమ్మే కంపెనీ ఆఫీసులో ఇంటర్వ్యూ వచ్చింది. మిల్లుల వాళ్ళతో ఫోన్లో మాట్లాడి సరుకు తెప్పించే పని. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన, సౌమ్యుడు, ఎదురుగా కూర్చున్నాడు. మీ గురించి చెప్పమన్నాడు. డెమో క్లాసులన్నీ కలిపి దంచేశాను. “కానీ మీకు అనుభవం లేదు కదా?” అన్నాడు ఇంగ్లీషులో. నా సరుకు అక్కడితో అయిపోయింది. సోఫాలో భార్య తప్ప నన్ను ఆదుకునేవాళ్ళు లేరు. “ఐ యామ్ నాట్ యాంగ్రీ,” అని ఆగాను. ఎవరూ నవ్వలేదు. ఏసీ ఒక్కటే గుర్రుమంటోంది. ఆయన గబుక్కున కళ్ళజోడు తీసి, “నో నో, నా ఉద్దేశం అది కాదు,” అని అనుభవం లేకపోయినా ఎందుకు పరవాలేదో తనే చెప్పుకొచ్చాడు. మిల్లువాడు సరుకు ఆలస్యం చేస్తే ఏమంటారు అన్నాడు. “వియ్ నీడ్ టు టాక్.” మళ్ళీ ఆగాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

చివరికి జీతం ఎంతో చెప్పాడు. నిజం చెప్పొద్దూ, లోపల ఎగిరి గంతేశాను. తెలుగులో అయితే అప్పుడే ఒప్పేసుకుని, థాంక్స్ చెప్పి, మా దుకాణంలో ఆయన భార్యకు డిస్కౌంట్ కూడా ఇప్పించేదాన్ని. (బాపు ఎప్పుడూ తిట్టేది అందుకే: “ధర చెప్పినంక నోరు మూసుకొని గుడ్డ మడతవెట్టు బిడ్డా. నువ్వు మల్ల మాట్లాడితివా, ధర దిగినట్టే.”) కానీ ఎవరైనా ఏదైనా ఇవ్వజూపినప్పుడు అనడానికి నాకొచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే.

“ఈజ్ దట్ ఆల్?”

అని ఆగాను. నవ్వు రాలేదు. నవ్వు రాకపోతే తర్వాతి మాట ఎలా మొదలెట్టాలో పాఠంలో లేదు. తల దించుకుని, చేతులకు పని కావాలి కాబట్టి చున్నీ కొస మడతపెట్టడం మొదలుపెట్టాను. ఒక మడత. ఇంకో మడత. ఆయన దగ్గాడు. బస్ పాస్ ఇస్తామన్నాడు. నేను మడత విప్పి మళ్ళీ పెట్టాను. మధ్యాహ్నం భోజనం ఆఫీసుదే అన్నాడు. ఆ తర్వాత జీతమే ఒక మెట్టు పెంచి, ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి దిగిపోయాడు. “ఇంతకుమించి నా చేతిలో లేదమ్మా. మా ఇంట్లోనూ ఇదే వరస. మా ఆవిడ ఒక్క మాట అని ఊరుకుంటుంది. మిగతాదంతా నేనే మాట్లాడి, నేనే ఓడిపోతాను.”

దుకాణానికొచ్చి చెబితే బాపు మొదట నమ్మలేదు. “గా మాట అన్నంక ఏం జేసినవ్?” “చున్నీ మడతవెట్టిన.” ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే పక్క మడిగె షట్టర్ వైపు కాసేపు చూశాడు. “నౌకరికే పోత బాపూ,” అన్నాను మెల్లగా. “యూ ఆర్ రైట్, డియర్,” అని, అలవాటు కొద్దీ ఆగాడు. ఆ ఒక్కసారి మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు నాగోల్‌లో ఉంటున్నాను. ఇంగ్లీషు గడగడా వస్తుంది, ఎక్కడా ఆగదు. మొన్న ఆదివారం వంటింటి అల్మారాలు చేసేవాడితో ఫోన్లో ఇంగ్లీషులోనే బేరం పెట్టాను. అతను ధర చెప్పాడు. అది ఎందుకు ఎక్కువో నేను చెప్పాను, అతని కష్టం కూడా నేనే చెప్పాను, చివరికి అది న్యాయమేనని కూడా నేనే చెప్పాను. సోఫాలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్న బాపు అంతా విన్నాడు. “ఇంగ్లీషు మస్తుగొచ్చింది బిడ్డా నీకు. ఆయన బేరం గూడ నువ్వే జేసినవ్,” అన్నాడు. పౌరుషం వచ్చి మళ్ళీ ఫోన్ చేశాను. అల్మారాల అతను ఇంకొంచెం తగ్గిస్తానన్నాడు. ఊపిరి బిగబట్టి “ఈజ్ దట్ ఆల్?” అని ఆగిపోయాను. అటువైపు నిశ్శబ్దం. మనిషి మెత్తబడుతున్నాడు, తెలుస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడు సోఫాలోంచి బాపు, ఇన్నేళ్ళ బాకీ తీర్చినట్టు, ఘొల్లున నవ్వాడు. ఎందుకో తెలియని మనవరాలూ నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. “హలో? మేడమ్, ఓకే కదా?” అంటున్నాడు అతను, ధైర్యం తెచ్చుకుని.

ఓకే అన్నాను. ఆనాడు ఎల్‌బీ నగర్‌లో ఇంటర్వ్యూకెళ్ళిన పిల్లయితే నవ్వేది కాదు. ముక్క ఇంగ్లీషు రాక, వణుకుతూ, చున్నీ మడతపెట్టుకుంటూ కూర్చునేది. అల్మారాలతో పాటు స్టవ్ కూడా పట్టుకొచ్చేది.