ఎర్ర బల్బు చిన్నమ్మ

డెబ్బైల చివర్లో వరంగల్ స్టేషన్ రోడ్డులో ఉన్న ఫొటో స్టూడియో యజమాని భార్యను మేమంతా చిన్నమ్మ అనేవాళ్లం. చెంప మీద పుట్టుకతో వచ్చిన ఎర్రమచ్చను ఆమె ఎప్పుడూ కొంగుతో కప్పుకునే ఉండేది.

పదో తరగతి పరీక్షకు ఫొటో కావాలి. మొటిమల ముఖంతో దిగనని మొండికేశాను. చిన్నమ్మ నన్ను ఫొటోలు కడిగే చీకటిగదిలోకి తీసుకుపోయి, ఎర్ర బల్బు కింద అద్దం పట్టింది.

"జర చూడు బిడ్డా, ఏడున్నయ్ నీ మొటిమలు?"

నిజంగానే లేవు. ముఖం సంజవెలుగులో తేలుతున్నట్టు నున్నగా ఉంది.

"ఈ లైటుకు పోతయా చిన్నమ్మా?"

"పోవు బిడ్డా. గీడ ఉన్నంతసేపు కనవడయ్, గంతే."

అద్దంలో నా పక్కన ఆమె ముఖం. దాని మీద మచ్చ లేదు. కొంగు ఎప్పుడో జారిపోయింది.

బయట నుంచి భర్త పిలిచాడు.

"వస్తున్నం, జర ఆగుండ్రి," అంది చిన్నమ్మ, అద్దం దించకుండా.